గాలి లెక్క రాసినాయన: కీలింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గాలిలో గ్యాసులు కొలిచే ఒక చిన్న స్టేషన్‌లో నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నా. మా రూమ్‌లో గోడకి ఒక గ్రాఫ్ అంటించి ఉంటుంది, రంపం పళ్లలాగా పైకీ కిందకీ ఊగుతూ ఎడమ నుంచి కుడికి ఎక్కిపోతూ ఉంటుంది. కాలేజీ పిల్లలు విజిట్‌కి వచ్చినప్పుడల్లా లక్షల ఖరీదు చేసే మిషన్లని ఒక్క నిమిషం చూసి ఆ అట్టముక్క దగ్గరే ఆగిపోతారు, ఆ తర్వాత వాట్సాప్‌లో అవే ప్రశ్నలు పంపిస్తారు. ఇకపై ఎవరడిగినా ఇదే పంపిద్దామని రాస్తున్నా. వరసలో లేవు, గుర్తొచ్చినట్టు రాశా.

ఎవరక్కా ఈ కీలింగ్?

చార్లెస్ డేవిడ్ కీలింగ్, అందరూ డేవ్ అనేవాళ్లు. 1928లో అమెరికాలో స్క్రాంటన్ అనే ఊళ్లో పుట్టాడు. 1958 నుంచి 2005లో పోయేదాకా, అంటే 47 ఏళ్లు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచాడు. అంతేనా అంటే అంతే. గోడ మీద గ్రాఫ్ ఆయనదే, కీలింగ్ కర్వ్ అంటారు.

కెమిస్ట్రీ చదివినాయన గాలి వైపు ఎందుకొచ్చాడు?

కొండల మీద పిచ్చి. నిజంగా అదే కారణం. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పాలిమర్ల మీద పీహెచ్‌డీ చేశాడు, 1954లో అయిపోయింది, ఆ రోజుల్లో ప్లాస్టిక్ అంటే మన దగ్గర 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ లాంటిది, కంపెనీలు పిలిచి ఉద్యోగాలిచ్చేవి. ఈయనకేమో పడమటి వైపు కొండల్లో తిరగాలని. జియాలజీ డిపార్ట్‌మెంట్లకి ఉత్తరాలు రాస్తే కాలిఫోర్నియాలో కాల్‌టెక్ యూనివర్సిటీలో హారిసన్ బ్రౌన్ అనే ప్రొఫెసర్ రమ్మన్నాడు. నదుల్లో, భూగర్భ జలాల్లో ఉండే కార్బనేట్‌కి సున్నపురాయితోనూ గాలితోనూ లెక్క కుదురుతుందా చూడమని పని ఇచ్చాడు. ఆ లెక్క తేలాలంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెలియాలి. వేరేవాళ్లైతే పుస్తకంలో ఉన్న 300 పెట్టేసుకుని ముందుకు పోయేవాళ్లు, ఈయన అక్కడే ఆగిపోయాడు, అలా ఆగిపోయినవాడు మళ్లీ కదల్లేదు.

అప్పటికి ఆ నంబర్ ఎవరికీ తెలీదా?

తెలుసనుకునేవాళ్లు. పేపర్లలో 150 పిపిఎం నుంచి 350 దాకా అన్ని రకాల నంబర్లూ ఉండేవి. పిపిఎం అంటే పది లక్షల్లో ఎంత అని, పది లక్షల రూపాయల్లో 300 రూపాయలు అనుకోండి. ఒక ఊళ్లో ఒకలా ఇంకో ఊళ్లో ఇంకోలా ఉంటుందిలే అని సరిపెట్టుకున్నారు.

1955 మేలో కీలింగ్ కాలిఫోర్నియా తీరంలో బిగ్ సర్ అనే అడవి పార్కులో మూడు వారాలు మకాం పెట్టి పగలూ రాత్రీ గాలి పట్టాడు. రాత్రుళ్లు లేచి కూర్చోవాల్సిన అవసరం అసలు లేదు, ఇష్టంకొద్దీ చేశాడు. కానీ ఆ రాత్రి శాంపిళ్ల వల్లే కథ తిరిగింది. రాత్రి ఎక్కువ, పగలు తక్కువ, ఏ రోజు చూసినా అంతే. రాత్రుళ్లు చెట్లూ మట్టీ వదిలే గ్యాసు నేల దగ్గరే పేరుకుంటుంది, గాలి కదలదు, మీగడ కట్టినట్టు ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కితే కిందిగాలి పైగాలి కవ్వం వేసి చిలికినట్టు కలిసిపోతుంది. ఆ కలిసిన గాలిలో నంబరు దాదాపు 310. తర్వాత వేరే అడవుల్లో, అరిజోనా కొండల్లో పట్టినా మధ్యాహ్నం గాలి అక్కడక్కడే వచ్చింది. అంటే ఊరికో లెక్క కాదు, మొత్తం వాతావరణానికి ఒకటే లెక్క ఉంది, సరిగ్గా కొలిస్తే దొరుకుతుంది.

ఎలా పట్టేవాడు? గాలిని సీసాలో పట్టడం అంటే నవ్వొస్తుంది.

అందరూ నవ్వుతారు. అయిదు లీటర్ల గాజు బుడ్డి, లోపల గాలంతా పంపుతో లాగేసి ఉంటుంది, మూతి దగ్గర గాజు కాక్. బయట నిలబడి, గాలి ఎటు నుంచి వస్తుందో అటు మొహం పెట్టి, ఊపిరి బిగబట్టి కాక్ తిప్పాలి, సుయ్యిమని లోపలికి గాలి దూరుతుంది, కాక్ మూసేసి అప్పుడు ఊపిరి వదలాలి. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ బయట గాలిలో కంటే వంద రెట్లు ఉంటుంది మరి, కాస్త తగిలినా ఆ బుడ్డి దండగ. నేను నేర్చుకునే రోజుల్లో ఎనిమిదో బుడ్డి దగ్గర దగ్గొచ్చి మొత్తం పోగొట్టా.

ల్యాబ్‌లో ఆ గాలిని ద్రవ నైట్రోజన్‌తో చల్లబెట్టిన గాజు గొట్టంలోంచి పంపిస్తే కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి గొట్టానికి అంటుకుంటుంది, మిగతా గాలి వెళ్లిపోతుంది. నీటి ఆవిరిని విడిగా తీసేయాలి. తర్వాత ఆ గడ్డని వేడి చేసి, ఎంత చోటో ముందే కొలిచిపెట్టుకున్న చిన్న గదిలోకి వదిలితే అది పాదరసాన్ని పైకి నెడుతుంది, ఆ ఎత్తు చూడాలి. మానోమీటర్ అంటారు. అలాంటిది కొనడానికి దొరక్క 1916 నాటి పాత డిజైన్ ఒకటి పట్టుకుని తనే కట్టుకున్నాడు. నైట్రస్ ఆక్సైడ్ కూడా కార్బన్ డయాక్సైడ్‌తోపాటే గడ్డకట్టేస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఇలాంటివి ఎవరూ అడగరు గానీ ఈ పనంతా ఇలాంటివే.

కీలింగ్ కొలిచింది పొల్యూషనా, కాదా?

బయట తిరిగే పొగ కాదు. కానీ ఆయన కాల్‌టెక్‌లో ఉన్న రోజుల్లోనే అదే కాలేజీలో ఆరీ హాగెన్-స్మిట్ అని ఇంకొకాయన ఉండేవాడు, అసలు పని అనాసపండు వాసనల మీద. లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండే పొగమంచు వస్తుంటే ఫ్యాక్టరీ పొగలో గంధకం వల్లే అనుకునేవాళ్లు. ఈయన అనాస వాసన పట్టే పద్ధతిలోనే ఊరిగాలిని గడ్డకట్టించి చూసి, కార్లు, నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలు వదిలే ఆవిర్లు నైట్రోజన్ ఆక్సైడ్లతో ఎండలో కలిసి ఓజోన్ తయారవుతుందని తేల్చాడు. రోడ్డు మీద కారున్న ప్రతివాడికీ అందులో భాగం ఉందని తేలాక ఎవరికీ నచ్చలేదు. తర్వాత 1968లో కాలిఫోర్నియా గాలి బోర్డుకి మొదటి ఛైర్మన్ ఆయనే. కీలింగ్ కాల్‌టెక్ ఉన్న పసదీనాలో గాలి కొలిస్తే నంబర్లు పిచ్చిపిచ్చిగా ఊగేవి, చుట్టూ కార్లూ ఫ్యాక్టరీలే కదా. అందుకే అడవిలోకి పోయాడు. అంటే పొల్యూషన్ నుంచి పారిపోయి పొల్యూషన్‌నే పట్టుకున్నాడు అనొచ్చు, ఇది నా మాట.

మౌనా లోవా అగ్నిపర్వతం కదా, అక్కడే గ్యాసు వస్తుంది కదా?

కీలింగ్ గ్రాఫ్‌కి గాలి కొలిచింది అక్కడే, అందుకే ఇది అన్నిటికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న, వాట్సాప్ మామయ్యలు కూడా ఇదే పట్టుకుంటారు. వస్తుంది, ఆయనకీ తెలుసు. హవాయి దీవుల్లో ఆ కొండ మీద దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో అబ్జర్వేటరీ, చుట్టూ నల్ల లావా రాళ్లు, చెట్టూ చేమా లేదు, చుట్టూ వేల కిలోమీటర్ల సముద్రం. పగలు గాలి కింద నుంచి పైకి ఎక్కుతుంది, రాత్రి పైనుంచి కిందకి దిగుతుంది, శిఖరం దగ్గర పగుళ్లలోంచి వచ్చే గ్యాసు రాత్రి గాలిలో అప్పుడప్పుడు వచ్చి తగులుతుంది. అది వచ్చినప్పుడు నంబరు గంటలోనే ఎగుడుదిగుడు అవుతుంది, మామూలు సముద్రపు గాలైతే గంటలు గంటలు గీత గీసినట్టు నిలబడుతుంది. నిలబడిన గంటలే తీసుకుంటారు. అనుమానం ఉన్నోళ్లకి ఇంకో మాట, దక్షిణ ధ్రువంలో కొలిచినా పెరుగుదల అంతే. అక్కడ అగ్నిపర్వతం పక్కన లేదు.

గాలిలో గ్యాసు పెరుగుతోందని మొదట్లోనే దొరికేసిందా?

ఎక్కడ. ముందు ఉద్యోగం సంగతి చెప్తా. వెదర్ బ్యూరోలో, అంటే అమెరికా వాతావరణ శాఖలో, హ్యారీ వెక్స్‌లర్ ఉద్యోగం ఇస్తా రమ్మని వాషింగ్టన్ పిలిచి ఒక చీకటి బేస్‌మెంట్ చూపించారట. తర్వాత శాన్ డియాగోలో స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థకి పోతే అక్కడి డైరెక్టర్ రోజర్ రెవెల్, కిటికీలోంచి సముద్రపు గాలి, ఎండ. ఏది ఎంచుకుంటారు? స్క్రిప్స్‌లో చేరాడు, కొండ మీద అబ్జర్వేటరీ వెదర్ బ్యూరోది కాబట్టి ఇద్దరి డబ్బూ కలిసొచ్చింది. 1957-58 అంతర్జాతీయ జియోఫిజికల్ ఇయర్ కదా, చాలా దేశాలు కలిసి భూమిని పరిశోధించిన ఏడాది, డబ్బు దొరికే కాలం. బుడ్డీల బదులు ఇన్‌ఫ్రారెడ్ ఎనలైజర్, అంటే కంటికి కనపడని కాంతితో గ్యాసు కొలిచే మిషన్, పెడదాం, రోజంతా దానంతటదే రాసుకుంటుంది అని ఒప్పించింది ఈయనే.

1958 మార్చి చివర్లో మౌనా లోవాలో మిషన్ ఆన్ చేస్తే 313. ఏప్రిల్‌లో ఒకటి పెరిగింది, మేలో ఇంకా పెరిగింది, అంతలో కరెంటు పోయి మిషన్ ఆగింది. జూలైలో మళ్లీ పెడితే నంబరు తక్కువొస్తోంది, మళ్లీ ఆగింది, నవంబర్‌లో పెడితే ఇంకోలా ఉంది. నేనైతే మిషన్ పోయిందనుకునేదాన్ని, ఆయనకీ భయమేసింది, ఈ నంబరు అసలు పట్టు దొరకదేమో అని. 1959 అంతా ఆగకుండా నడిచాక అర్థమైంది, అది మిషన్ తప్పు కాదు, ఉత్తరార్ధగోళంలో అడవులూ పైర్లూ అక్కడి ఎండాకాలంలో, అంటే మే నుంచి సెప్టెంబర్ దాకా, గ్యాసు పీల్చుకుని చలికాలంలో వదులుతున్నాయి. అందరూ దీన్ని భూమి ఊపిరి అంటారు, నాకెందుకో అది సినిమా డైలాగ్‌లా ఉంటుంది. నాకైతే పాస్‌బుక్ గుర్తొస్తుంది, మే దాకా డిపాజిట్లు, సెప్టెంబర్ దాకా విత్‌డ్రాలు, తేడా 6 పిపిఎం దాకా, ఏడాది చివర చూస్తే బ్యాలెన్స్ కిందటేడు కంటే ఎక్కువే. 1960లో పేపర్ రాశాడు, సీజన్ లెక్కా పెరుగుదలా రెండూ ఉన్నాయి.

డబ్బు ఇబ్బంది వచ్చిందా? మంచి పనికి ఎవరైనా ఇస్తారు కదా.

ఇవ్వరు. 1964లో బడ్జెట్ కోత పడి మౌనా లోవాలో మిషన్ చూసుకునే మనుషులు లేక కొన్ని నెలలు ఆగిపోయింది. గ్రాఫ్‌ని బాగా దగ్గర్నుంచి చూడండి, 1964 మొదట్లో చిన్న సందు ఉంటుంది. దక్షిణ ధ్రువంలో మిషన్‌తో కొలవడం కూడా అప్పట్లోనే ఆగిపోయి మళ్లీ బుడ్డీల మీదే నడిచింది.

తర్వాత వచ్చిన కష్టం ఇంకా చిత్రం. కొత్తగా ఏం కనిపెట్టావు, కొలిచిందే కొలుస్తున్నావు, ఇది రొటీన్ పని, సైన్స్ కాదు అన్నారు. ఒక దశలో ఏడాదికి రెండు డిస్కవరీలు చూపిస్తేనే డబ్బు అని షరతు పెట్టారట. ఆవుకి గడ్డి వేయాలంటే ఏడాదికి రెండు దూడలు పెట్టమన్నట్టు. 1974లో ఇప్పటి నోవా, అంటే అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థ, మౌనా లోవాలోనే సొంతంగా కొలవడం మొదలెట్టింది, ఇక నువ్వెందుకు అన్నవాళ్లున్నారు. ఆయన ఒప్పుకోలేదు, రెండు చేతులతో వేరువేరుగా కొలిస్తేనే ఎవరిది తప్పో తెలుస్తుందని. ఇవాళ్టికీ రెండూ నడుస్తున్నాయి, రెండు నంబర్లూ కాస్త తేడాతో పక్కపక్కనే ఉంటాయి. దీని మీద ఆయన మొండితనం గురించి తోటివాళ్లకి చాలా కంప్లైంట్లు ఉండేవి, ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే కష్టమే.

స్టాండర్డ్ గ్యాస్ స్టాండర్డ్ గ్యాస్ అంటారు, అదేంటి?

తూకం రాయి. కిరాణాకొట్లో త్రాసు ఎంత మంచిదైనా రాయి అరిగిపోతే బేరం తప్పే కదా. మిషన్ తనంతట తను నంబరు చెప్పదు, ఇంతకుముందు ఇచ్చిన గాలికంటే ఇది ఎక్కువా తక్కువా అని మాత్రమే చెప్తుంది. అందుకే ఎంతుందో పక్కాగా తెలిసిన గ్యాసు సిలిండర్ రోజుకి కొన్నిసార్లు మిషన్‌కి చూపించాలి, ఆ సిలిండర్‌ని ఇంకో మంచి సిలిండర్‌తో సరిచూసుకోవాలి, దాన్ని ఇంకోదానితో, చివరికి మానోమీటర్ దాకా పోవాలి. 1995 దాకా ప్రపంచం మొత్తానికి ఆ చివరి తూకం రాయి స్క్రిప్స్‌లో కీలింగ్ దగ్గరే ఉండేది.

అందులోనూ ఒక దెబ్బ తగిలింది. మొదట్లో స్టాండర్డ్ సిలిండర్లలో కార్బన్ డయాక్సైడ్‌ని ఉత్త నైట్రోజన్‌లో కలిపేవాళ్లు. ఇన్‌ఫ్రారెడ్ మిషన్‌కి నైట్రోజన్‌లో ఉన్న గ్యాసూ మామూలు గాలిలో ఉన్న గ్యాసూ ఒకేలా కనిపించవని తర్వాత తేలింది, కొన్ని పిపిఎంల తేడా. ఏడాదికి ఒక పిపిఎం పెరుగుతోందా లేదా అని చూసే పనిలో అది చిన్నదేం కాదు. వెనక్కి పోయి మొదటి రోజు నుంచీ ఉన్న నంబర్లన్నీ దిద్దారు. చార్టు కాగితాలు, లాగ్ బుక్కులు పారేయకుండా దాచబట్టే దిద్దగలిగారు. నేను మా జూనియర్లకి పాత నోట్‌బుక్ పారేయొద్దని ఎందుకు అరుస్తానో ఇప్పుడైనా అర్థమవుతుందా.

మీ స్టేషన్‌లో ఇలాంటివి జరుగుతాయా?

బోలెడు. ఒకటి చెప్తా. రెండేళ్ల కింద మే నెలలో రాత్రి ఒంటిగంట, రెండు ప్రాంతంలో కార్బన్ మోనాక్సైడ్ సన్నగా పైకి లేస్తుండేది, దాంతోపాటే కార్బన్ డయాక్సైడ్ కూడా. రోజూ కాదు, మూడు రోజులుంటే ఒకరోజు ఉండదు. లీక్ అనుకుని గొట్టం జాయింట్లన్నిటికీ సబ్బునురగ పూశా, పంపు డయాఫ్రమ్ మార్చా, వాల్వ్ మార్చా, పదిరోజులు అదే పని. తర్వాత లేవని రోజులన్నీ వాచ్‌మన్ సెలవు రోజులని అటెండెన్స్ రిజిస్టర్‌లో తేలింది. పాపం కింద గదిలో ఉక్క భరించలేక మేడ మీద చాప వేసుకుని పడుకుంటున్నాడు, సరిగ్గా మా ఇన్‌లెట్ గొట్టం కింద, పక్కన దోమల చుట్ట, మధ్యలో లేచి ఒక బీడీ. పొద్దున అడిగితే గొట్టం వైపు చూసి, “మేడమ్, మీ మిషన్‌కి గూడ బీడీ వాసన తెలుస్తదా?” అన్నాడు. ఆ తర్వాత చాప వాటర్ ట్యాంకు అవతలికి మారింది, గ్రాఫ్ బాగైంది, ఆ పదిరోజుల డేటాకి మాత్రం ఫ్లాగ్, అంటే నమ్మొద్దని గుర్తు, పెట్టి వదిలేయాల్సొచ్చింది.

రోజూ ఫోన్‌లో చూసే ఏక్యూఐలో కార్బన్ డయాక్సైడ్ ఎందుకుండదు?

ఏక్యూఐ అనేది ఇవాళ పీలిస్తే ఊపిరితిత్తులకి ఏమవుతుంది అని చెప్పే లెక్క. మన దేశం లెక్కలో ఎనిమిది ఉన్నాయి: పీఎం 10, పీఎం 2.5 (ఈ రెండూ సన్నటి ధూళి), నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. కార్బన్ డయాక్సైడ్ ఆ మోతాదులో పీల్చితే ఏమీ కాదు, అది చేసేది వేరే పని, భూమి నుంచి పోవాల్సిన వేడిని పట్టుకుంటుంది. రెండిటికీ మిషన్లు వేరు, ఓపిక కూడా వేరు.

మన దగ్గర ఎవరూ కొలవట్లేదా?

కొలుస్తున్నారు, పేర్లే బయటికి రావు. విశాఖపట్నంలో ఐఎండీ, అంటే భారత వాతావరణ శాఖ, స్టేషన్ ప్రపంచ వాతావరణ సంస్థ నెట్‌వర్క్‌లో ఎప్పట్నుంచో ఉంది. షాద్‌నగర్‌లో ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) క్యాంపస్‌లో కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కొలిచి పేపర్లు రాశారు, అక్కడా తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ, బిగ్ సర్‌లో చూసిందే. తిరుపతి దగ్గర గాదంకి ల్యాబ్‌కి రాడార్లతో పేరు గానీ గాలి పని కూడా ఉంది. గోవాలో కేప్ రామాలో 1993 నుంచి బుడ్డీల్లో గాలి పట్టి ఆస్ట్రేలియా పంపేవాళ్లు, రుతుపవనాల్లో అక్కడికి భూమధ్యరేఖ అవతలి సముద్రపు గాలి వస్తుంది, చలికాలంలో మన నేల మీది గాలి.

నాకు బాగా నచ్చేది మాత్రం వరి కథ. మన వరిపొలాల నుంచి ఏడాదికి 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వస్తోందని అమెరికా వాళ్ల అంచనా ఒకటి ఉండేది, వేరే దేశాల పొలాల్లో కొలిచినదాన్ని మన ఎకరాలతో గుణించేశారు. 1991లో ఢిల్లీ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ (ఎన్‌పీఎల్) ఆధ్వర్యంలో, ఏ.పి. మిత్రా అనే సైంటిస్టు నాయకత్వంలో, దేశమంతా పొలాల్లో పెట్టెలు బోర్లించి నిజంగా కొలిస్తే దాదాపు 40 లక్షల టన్నులే అని తేలింది. తొమ్మిది రెట్లు తేడా! నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండే పొలం వేరు, ఆరుతూ తడుస్తూ ఉండే పొలం వేరు అని గోదావరి జిల్లా రైతునడిగినా చెప్పేవాడు, కానీ మీటింగుల్లో టేబుల్ మీద పెట్టడానికి కొలిచిన నంబరు కావాలి.

ఇప్పుడు మౌనా లోవాలో కార్బన్ డయాక్సైడ్ నంబరు ఎంత?

2013 మేలో మొదటిసారి రోజు సగటు 400 తాకింది, 2025 మేలో నెల సగటు 430 దాటింది. మధ్యలో 2022 నవంబర్ చివర్లో మౌనా లోవా నిజంగానే పేలి లావా వచ్చి రోడ్డూ కరెంటు లైనూ తెగిపోయాయి, పక్క కొండ మౌనా కేయా మీదికి పోయి కొలిచారు.

నోబెల్ వచ్చిందా?

రాలేదు. 2002లో వైట్‌హౌస్‌లో నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చారు, 2005లో పర్యావరణ పనికిచ్చే టైలర్ ప్రైజ్. అదే ఏడాది జూన్‌లో మోంటానాలో కొండ దారుల్లో నడిచొచ్చి గుండెపోటుతో పోయాడు, 77 ఏళ్లు. మొదట్నుంచీ కొండలే కదా కావాల్సింది. పియానో చాలా బాగా వాయించేవాడు, సైన్స్‌లోకి రాకపోతే అదే వృత్తి అయ్యేది. కొడుకు రాల్ఫ్ కూడా ఇదే పని, కాకపోతే ఆక్సిజన్ కొలుస్తాడు, మనం కాల్చే కొద్దీ ఆక్సిజన్ ఏటా ఎంతో కొంత తగ్గుతుంది కాబట్టి. గాలిలో అయిదో వంతు ఉన్నదాంట్లో కొన్ని పిపిఎంల తగ్గుదల పట్టుకోవడం అంటే తండ్రి పనికంటే కష్టం. భయపడకండి, ఊపిరాడని స్థాయి ఏం కాదు.

నేను ఈ లైన్‌లోకి రావాలంటే ఏం చదవాలి?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ గానీ ఫిజిక్స్ గానీ, లేదా ఆంధ్రా యూనివర్సిటీలో లాగా మెటియరాలజీ, తర్వాత నెట్ లేదా గేట్ రాసి జేఆర్ఎఫ్. ఇది అందరూ చెప్తారు. నేను ఇంటర్వ్యూలో అడిగేది వేరే: స్పానర్ పట్టుకుని పావు అంగుళం స్టీలు గొట్టానికి నట్టు బిగించగలవా, ఎంత బిగించాక ఆపాలో తెలుసా, పైథాన్‌లో ఏడాది డేటా తెరిచి అనుమానం ఉన్న రోజులు ఏవో చూపించగలవా, ఎండలో మేడ మెట్లు రోజుకి ఆరుసార్లు ఎక్కగలవా. సిలిండర్ మార్చాక రెగ్యులేటర్‌లో నిలిచిన గ్యాసు కాసేపు వదిలేయాలి, తొందరపడి వెంటనే లైన్‌కి తగిలిస్తే తప్పు నంబరు వస్తుంది, ఈ తొందర వల్ల నాకు ఒకసారి రెండు వారాలు పోయాయి.

రోజూ ఒకే నంబరు చూస్తే బోర్ కొట్టదా అక్కా?

కొడుతుంది. సోమవారాలు మరీను. కానీ తెల్లవారి ఆరింటికి 450 దాటి ఉన్న గీత ఎండెక్కే కొద్దీ దిగుతూ దిగుతూ మధ్యాహ్నం మూడింటికి సాపుగా పడుకుంటుంది చూడండి, అప్పుడు లాగ్ బుక్ తెరిచి టైమూ నంబరూ రాసి సంతకం పెడతా. ఇవాళ కూడా రాశా. సిలిండర్ ప్రెషర్ తగ్గుతోంది, రేపు మార్చాలి.